యంత్రశిల్పి జి. డి. నాయుడు

తమిళనాటి కోయంబత్తూరు పట్టణమునకు తూర్పున, సూలూరు సమీపమున కలంగల్ అను చిన్న గ్రామము కలదు. అచ్చటి నేల నల్లరేగడి. వర్షము స్వల్పము, బావులు మిక్కిలి లోతు. గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలను చూచినవారికి ఆ పొలములు క్రొత్తవిగా తోపవు. విజయనగర ప్రభువుల కాలమునను, పిదప మధుర నాయకుల కాలమునను పెక్కు తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలిపోయి అట్టి నేలలను సాగుచేసికొని స్థిరపడినవి. తరములు గడచినను వారి ఇండ్లలో తెలుగు మాట నిలిచియే యున్నది. అట్టి రైతు కుటుంబములలో నొకదానియందు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించెను. లోకమున ఆయన జి. డి. నాయుడని ప్రసిద్ధి చెందెను.

దొరస్వామి పసితనముననే తల్లిని కోల్పోయెను. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయము చేయువాడు. తల్లి లేని బిడ్డను పెంచుట కష్టమై అతడు కుమారుని మేనమామ ఇంటికి పంపెను. అచ్చట బాలుని బడిలో వేసిరి. కాని అతనికి బడి రుచింపలేదు. ఒకచోట కదలక కూర్చుండుట, అర్థము తెలియని పాఠమును వల్లెవేయుట అతనికి దుర్భరముగా నుండెను. ఒకనాడు ఉపాధ్యాయుని మీద ఇసుక చల్లి పారిపోయెనని చెప్పుదురు. ఆ పని మెచ్చదగినది కాదు. దాని ఫలమును అతడే అనుభవించెను. ప్రాథమిక తరగతులతోనే బడి చదువు ముగిసి, అతడు పొలము పనిలో ప్రవేశింపవలసి వచ్చెను.

అయితే బడి విడిచిన పిమ్మట అతనికి చదువుపై ప్రీతి కలిగెను. పగలు చేనిలో పనిచేసి, తీరిక దొరికినప్పుడెల్ల తమిళ గ్రంథములను తనంతతానే చదువుకొనుచుండెను. చూచిన ప్రతి వస్తువును గూర్చియు, ఇది ఎట్లు పనిచేయును, ఎవరు చేసిరి, ఇంతకన్న మేలుగా చేయరాదా యని ఆలోచించుట అతనికి అలవాటయ్యెను. అట్టి ఆలోచనలకు కలంగల్ గ్రామమున ఆహారము తక్కువ. కపిలబావి, నాగలి, ఎడ్లబండి, దూదియేకు విల్లు తప్ప అచ్చట యంత్రమనదగినది లేదు.

ఇట్లుండగా ఒకనాడు ఆ పల్లె బాటపై ఒక వింత కనబడెను. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు. రెండు చక్రముల బండియొకటి పెద్దరొద చేయుచు, ధూళి రేపుచు వచ్చుచుండెను. దానిపై ఒక ఆంగ్లేయ రెవెన్యూ ఉద్యోగి కూర్చుండెను. అది మోటారు సైకిలు. దారిలో ఆ బండి ఆగిపోగా, దొర దిగి దానిలోని భాగములను సవరించి మరల నడిపించుకొని పోయెనని చెప్పుదురు. పల్లెవారు కొంతసేపు ఆశ్చర్యపడి తమ పనులకు పోయిరి. దొరస్వామి మాత్రము ఆ బాటనే చూచుచు నిలువబడెను. ఆగిపోయిన ఇనుపబండి మనుష్యుని చేయి తగులగనే మరల ఎట్లు ప్రాణము పోసికొనెనను ప్రశ్న అతని మనస్సును విడువలేదు. ఆ బండిని చేతబట్టి చూడనిదే తనకు శాంతి లేదని అతడు నిశ్చయించుకొనెను.

రైతు బిడ్డకు మోటారు సైకిలు కొనుట ఆ కాలమున ఊహింపరాని మాట. దొరస్వామి గ్రామము విడిచి కోయంబత్తూరు చేరెను. అచ్చట ఒక హోటలులో వడ్డించువానిగా కుదిరెను. విస్తళ్లు వేయుట, నీళ్లు పోయుట, బల్లలు తుడుచుట అతని పని. వచ్చిన జీతములో తిండికి బట్టకు పోగా మిగిలినదానిని కానీ కానీ కూడబెట్టెను. తోడివారు తీరికవేళలను వినోదములలో గడపుచుండగా అతడు తన మూటను లెక్కించుకొనుచుండెను. ఇట్లు కొన్ని యేండ్లు గడచిన పిదప సుమారు 300 రూపాయలు చేరెను. అతడా సొమ్ముతో వెదకుకొని పోయి, తాను పల్లెబాటపై చూచిన ఆ మోటారు సైకిలునే దొరయొద్ద కొనెను.

ఆ వాహనము ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున రడ్జి అను సంస్థ తయారుచేసినది. మోటారు సైకిళ్లు అప్పటికి ప్రపంచమునకే క్రొత్త. పెట్రోలు ఆవిరియు, గాలియు కలిసి సిలిండరులో చేరును; పిస్టను దానిని అదిమిపెట్టును; విద్యుత్తు రవ్వ తగులగనే అది భగ్గున మండి పిస్టనును వెనుకకు నెట్టును; ఆ నెట్టుడు బలమే చక్రమును త్రిప్పును. నేడు ఎనిమిదవ తరగతి విద్యార్థి ఈ సంగతిని పుస్తకమున చదివి తెలిసికొనగలడు. దొరస్వామికి చెప్పు గురువు లేడు, చూపు పటము లేదు. బండియే అతనికి పుస్తకమయ్యెను.

బండి చేతికి వచ్చినంతనే దానిపై ఊరేగుట ఎవరికైనను సహజమైన కోరిక. దొరస్వామి దానిని ఒకచోట నిలిపి, ఒక్కొక్క మరనే విప్పసాగెను. తీసిన ప్రతి భాగమును తుడిచి, త్రిప్పి చూచి, దాని పక్కనుండినది ఏదో, అది దేనిని కదల్చునో గుర్తుపెట్టుకొనెను. చివరకు బండి ముక్కలై నేలపై పరచబడెను. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మంతయు ఆ ముక్కలలో ఉన్నది. వానిని మరల కూర్చలేకపోయిన యెడల అతడు సర్వమును కోల్పోయినట్లే. అతడు తొందరపడక, విప్పిన వరుసకు ఎదురువరుసలో భాగములను బిగించుచు వచ్చెను. బండి మరల నడచెను. ఆనాటినుండి అతనికి ఇంజనులో రహస్యమనునది లేకపోయెను. చుట్టుపట్ల మోటారు బండ్లు చెడినచో వానిని బాగుచేయు నేర్పరిగా అతడు పేరు పొందెను.

అదే కాలమున పాశ్చాత్య దేశములందు మోటారు సైకిలు పందెములు విపరీతముగా వ్యాపించెను. ఐల్ ఆఫ్ మాన్ అను చిన్న ద్వీపమున 1907వ సంవత్సరమునుండి జరుగుచు వచ్చిన పందెము వానిలో ప్రఖ్యాతమైనది. కొండమలుపులలో ప్రాణములకు తెగించి బండ్లను నడుపుట అచ్చటి యువకులకు వృత్తియు, కీర్తియు నయ్యెను. 1914లో అచ్చటి పెద్ద పందెమును సిరిల్ పుల్లిన్ అను వీరుడు రడ్జి వాహనముపైననే గెలిచెను. ఒకే సంస్థ చేసిన బండి అచ్చట ఒకనికి వేగమును నేర్పినది. కోయంబత్తూరున మరియొకనికి యంత్రవిద్యను నేర్పినది. పందెగానికి ముందున్న బాట ఎంత ముఖ్యమో, నాయునికి క్రిందనున్న ఇంజను అంత ముఖ్యము. అతడు పరుగెత్తిన పందెమున ప్రేక్షకులు లేరు. బహుమతి పాత్రయు లేదు. అయినను అందులోని సాహసము తక్కువది కాదు.

మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు నాయుడు తిరుప్పూరున ప్రత్తిగింజలు తీయు జిన్నింగు కార్ఖానా నడిపెను. యుద్ధకాలమున ప్రత్తికి గిరాకి హెచ్చెను. హోటలులో వడ్డించినవాడు కొలది కాలములోనే లక్షాధికారి యయ్యెను. అంతట అతనికి ఇంకను గొప్ప వర్తకుడు కావలెనను ఆశ పుట్టి బొంబాయికి పోయి ప్రత్తి బేరములలో దిగెను. ప్రత్తి, మిరప పండించు సీమలోని వారికి ధరల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నిన్నటి ధర నేడుండదు. నేటి ధరను నమ్మి చేసిన బేరము రేపు మెడకు చుట్టుకొనవచ్చును. యంత్రమును విప్పి చూడవచ్చును గాని బజారును విప్పి చూచుట ఎవరితరము? నాయుడు ఆర్జించినదంతయు బొంబాయిలో పోగొట్టుకొని రిక్తహస్తములతో కోయంబత్తూరునకు తిరిగివచ్చెను.

అతడు ఆ నష్టమును తలచుకొని క్రుంగిపోలేదు. తనకు తెలిసిన విద్యయొద్దకు తిరిగి వచ్చెను. ఆ కాలమున కోయంబత్తూరున రాబర్టు స్టేన్సు అను ఆంగ్లేయ పారిశ్రామికుడుండెను. అచ్చట మొదటి నూలుమిల్లును నెలకొల్పినవారిలో అతడు ముఖ్యుడు. నాయుని నేర్పును, నిజాయితీని ఎరిగిన స్టేన్సు ఒక బస్సు కొనుటకు అతనికి ధనసహాయము చేసెను. 1920లో ఆ బస్సు పొళ్లాచి, పళని పట్టణముల నడుమ నడువసాగెను. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రము, యాత్రికులకు కొదువలేదు. అంతవరకు వారు ఎడ్లబండ్లపైనను, కాలినడకనను పోవుచుండిరి. నాయుడు తన బస్సును తానే నడిపెను. చెడినచో తానే బాగుచేసెను.

ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటారు సర్వీసు అను గొప్ప సంస్థ యయ్యెను. యు. ఎం. ఎస్. అను మూడక్షరములు కొంగునాటి పల్లెలన్నిటికి పరిచితములయ్యెను. కొన్ని సంవత్సరములలో ఆ సంస్థ దేశమందలి మిక్కిలి చక్కని బస్సు సంస్థలలో నొకటిగా పేరు గాంచెను. దానికి కారణము యజమాని మోటారు పనివాడగుటయే. ఏ శబ్దము వచ్చినచో ఇంజనులో ఏ భాగము అరిగినదో అతనికి తెలియును. బస్సు దారిలో ఆగిన పిదప బాగుచేయుటకన్న, ఆగకముందే లోపమును కనిపెట్టుట లాభమని అతడు తన కార్ఖానాలో పరీక్షా యంత్రములను కల్పించెను. ప్రయాణికుడు కాలము చూచుకొని వచ్చినచో బస్సును కాలమునకు బయలుదేరవలెనని నియమము పెట్టెను. పల్లెటూరి మనుష్యుని సమయమునకును విలువ కలదని ఆ నియమము చాటినది.

కోయంబత్తూరు ప్రాంతమునకు 1930 తరువాతి సంవత్సరములలో పైకారా జలపాతమునుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. లోతైన బావులనుండి నీరు తోడుటకు విద్యుత్తు మోటారులు కావలసి వచ్చెను. అవి యన్నియు విదేశములనుండియే దిగుమతి కావలెను. సామాన్య రైతు వానిని కొనజాలడు. నాయుడు, డి. బాలసుందరము నాయుడను మరియొక నేర్పరితో కలిసి పీళమేడులోని తన కార్ఖానాలో మోటారు తయారీకి పూనుకొనెను. 1937లో వారు చేసిన మోటారు మనదేశమున తయారైన మొట్టమొదటి విద్యుత్తు మోటారుగా ఎన్నబడుచున్నది. ఆ పిమ్మట కోయంబత్తూరు మోటారులకును, నీటి పంపులకును దేశమంతట పేరుపొందెను. నేడు తెలుగునాటి మెట్టపొలములలో అచ్చటి పంపులు నీరు తోడుచుండుట ఈ కథకు కొనసాగింపే.

నాయుడు పలుమారులు ఐరోపా, అమెరికా ఖండములకు పోయి కార్ఖానాలను పరిశీలించెను. ఆయన చేతిలో ఎల్లప్పుడు ఒక కెమెరా ఉండెడిది. చిన్న బ్యాటరీతో పనిచేయు క్షౌరయంత్రమును ఆయన కల్పించగా అది రాసాంట్ అను పేర జర్మనీ దేశమున తయారయ్యెను. మిక్కిలి పలుచని బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, ఓట్లను మోసమునకు తావులేకుండ లెక్కించు యంత్రము ఆయన కల్పించినవానిలో కొన్ని. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వవచ్చునని 1941లో ఆయన ప్రకటించెను. సామాన్యునికి అందుబాటులో లేని వస్తువు ఎంత గొప్పదైనను సంపూర్ణము కాదని ఆయన తలంపు.

రైతు బిడ్డ కావున నేలను సైతము ఆయన మరువలేదు. తన తోటలో ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ప్రయోగములు చేసెను. మనుష్యుని ఎత్తును మించి పెరిగిన ప్రత్తిమొక్కలను చూచుటకు జనులు వచ్చెడివారు. విజ్ఞానవేత్త సర్ సి. వి. రామన్, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సైతము ఆ తోటను దర్శించిరి.

ఇసుక చల్లి బడినుండి పారిపోయిన ఆ బాలుడే 1945లో ఒక ఇంజనీరింగు విద్యాలయమునకు ప్రిన్సిపాలగుట విధివిలాసము. అంతకు పూర్వమే, 1944లో, ఆయన మోటారు వ్యాపారమునుండి విరమించి, విద్యార్థుల పరిశోధనలకును, కార్మికుల క్షేమమునకును ధనమును వినియోగింపసాగెను. అప్పటి మద్రాసు గవర్నరు పేర ఆర్థర్ హోప్ పాలిటెక్నికు, ఇంజనీరింగు కళాశాల కోయంబత్తూరున ఆయన దానముతో వెలసినవి. నాలుగేండ్ల చదువు దీర్ఘమైనదనియు, చేతితో పనిచేయుచు నేర్చినచో రెండేండ్లు చాలుననియు ఆయన వాదించెను. ప్రభుత్వము అందుకు సమ్మతింపలేదు. నాయుడు తన అభిప్రాయమును మార్చుకొనక పదవినే వదలుకొనెను. ఇరుపక్షముల వాదములయందును సత్యము లేకపోలేదు. చేతిపని లేని శాస్త్రము కుంటిది. శాస్త్రము లేని చేతిపని గ్రుడ్డిది. అయితే తాను నమ్మినదానికై పదవిని విడుచుటకు వెనుదీయని ఆయన ధైర్యమును అందరును మెచ్చవలసినదే. ఆ కళాశాలయే కాలక్రమమున ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వృద్ధి చెందెను.

ఆయనకు తీరని కోరిక యొకటి మిగిలెను. 1952లో ఆయన ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును తయారుచేసెను. దాని వెల 2,000 రూపాయలు మాత్రమే. ఒకప్పుడు మోటారు సైకిలుకొరకు విస్తళ్లు వేసిన మనుష్యుడు, సామాన్యుడును కారు ఎక్కవలెనని తలంచుట వింత కాదు. కాని ఆ కాలమున కార్ఖానా పెట్టుటకు ప్రభుత్వపు లైసెన్సు తప్పనిసరి. ఆ కారునకు లైసెన్సు లభింపలేదు. తయారీ నిలిచిపోయెను. బొంబాయిలో పోయిన సొమ్మును ఆయన మరల సంపాదించెను గాని, చేజారిన ఈ అవకాశము ఆయన జీవితకాలమున మరల రాలేదు.

అయినను ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. యంత్రములను యువకులు దగ్గరనుండి చూచి తెలిసికొనవలెనని 1967లో కోయంబత్తూరున పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పెను. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన, తన 80 ఏండ్ల వయస్సున, జి. డి. నాయుడు పరమపదించెను. భారతదేశపు ఎడిసన్ అని జనులు ఆయనను కొనియాడిరి. ఆయన నెలకొల్పిన ప్రదర్శనశాలయే గాక, ఆయన పేర నడచు ధర్మసంస్థ ఏర్పరచిన పాతకాలపు కార్ల ప్రదర్శనశాలయు నేడు అచ్చట కలదు. పాఠశాలల బాలబాలికలు వానిని చూచుటకు పోవుచుందురు.

నాయుని జీవితమును తలచి, బడి మానినచో గొప్పవారగుదురని భ్రమపడరాదు. బడి మానినవారు లోకమున లెక్కకు మిక్కిలి. బడి మానియు నేర్చుట మానని నాయుడు ఒక్కడే. పల్లెబాటపై ఆ మోటారు సైకిలును ఆనాడు పలువురు చూచిరి. చూచినవారిలో ఒకడు మాత్రము దానికొరకు ఏండ్ల తరబడి ఊడిగము చేసెను; కొని, విప్పి, మరల కూర్చెను. విప్పుటకు కుతూహలము చాలును. కూర్చుటకు ఓర్పు కావలెను. ఆ రెండును ఒకచోట కలిసిన జీవితము జి. డి. నాయునిది.